నూనూగు మీసాల పిల్లాడికి మిక్కీ ఓడ నచ్చుతుందా?

ప్రశ్న: మాది కావలి. మా ఆయనది రొయ్యల మేత వ్యాపారం. ఈ ఏడు చీటీ పాడుకున్న డబ్బుతో పిల్లల్ని సింగపూర్ తీసుకుపోయి ఓడ ఎక్కిద్దామని అనుకుంటా ఉన్నాం. పెద్దోడికి 15 ఏళ్ళు, ఇప్పుడే పదో తరగతి పరీక్షలు రాశాడు. పాపకు 12. చిన్నోడికి మే 20కి 11 నిండుతాయి. మా అత్తమ్మ కూడా వస్తారు, ఆమెకు 66. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక ఏజెంటు మే మొదటి వారంలో డిస్నీ ఓడ, 3 రాత్రుల ప్యాకేజీ చెప్పినాడు. చిన్నోడు గంతులేస్తున్నాడు. పెద్దోడేమో 'మిక్కీ మౌస్ ఓడలో నాకేం పనమ్మా, నేను అమ్మమ్మ కాడ ఉంటా, మీరు పోయి రండి' అంటున్నాడు. ఇంత పోసి తీసుకుపోయినాక వాడు గదిలో ఫోను పట్టుకుని కూర్చుంటే ఎట్లా? పాపను అంత పెద్ద ఓడలో ఒక్కతినే తిరగనియ్యొచ్చా? అత్తమ్మకు వాంతులైతే? ఇంకొకటి, నవ్వొద్దు. ఆవకాయ తీసుకుపోనిస్తారా?

సమాధానం: అమ్మా, ముందు ఒక్క మాట. ఓడ సరే, తేదీ మార్చండి. మే మొదటి వారం మీ ఇంటికి కుదరదు. మే 20 దాటాక, అంటే చిన్నోడికి 11 నిండాక బయల్దేరండి. 3 రాత్రులు కాకుండా 4 రాత్రులు అడగండి. ఈ రెండూ కుదిరితే మీ పెద్దోడు గదిలో కూర్చునే భయం చాలావరకు తీరిపోతుంది. ఎందుకో చెబుతాం.

మీ వాడు 'మిక్కీ మౌస్ ఓడ' అంటున్నది పైన వేసిన రంగును చూసి. లోపల ఆ ఓడ పిల్లల్ని వయసుల వారీగా విడగొట్టి నడుపుతుంది. 3 నుంచి 10 ఏళ్ళ వాళ్ళకు ఓషనీర్ క్లబ్. 11 నుంచి 14 వాళ్ళకు ఎడ్జ్. 14 నుంచి 17 వాళ్ళకు వైబ్. బొమ్మల వేషాలు, రాకుమార్తెల కథలు, రంగులు పూసుకోవడాలు ఎక్కువగా మొదటి దాంట్లోనే. వైబ్‌లోకి మామూలు వేళల్లో తల్లిదండ్రులకు కూడా ప్రవేశం లేదు. సోఫాలు, ఆటల తెరలు, సంగీతం, రాత్రి పొద్దుపోయేదాకా పోటీలు ఉంటాయి. ఇష్టమైతే ఉంటారు, విసుగేస్తే సంతకాలూ సంజాయిషీలూ లేకుండా లేచి వచ్చేస్తారు. పదో తరగతి అంతా ఉదయం స్టడీ అవరు, రాత్రి స్టడీ అవరు అని గంటల లెక్కన బతికిన పిల్లాడికి అడిగేవాళ్ళు లేని చోటు దొరకడమే పెద్ద సంబరం. అక్కడ గోడ మీద మిక్కీ ఉన్నాడా డోనాల్డ్ ఉన్నాడా అని వాడు చూడను కూడా చూడడు.

ఇక తేదీ సంగతి. క్లబ్‌లో వయసును ప్రయాణం రోజుకు ఎంత ఉందో దాన్ని బట్టి లెక్కేస్తారు. మే మొదటి వారంలో పోతే చిన్నోడు ఇంకా పదేళ్ళ వాడే. వాణ్ణి మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలున్న క్లబ్‌లో వేస్తారు. పాపకు 12 కాబట్టి ఎడ్జ్‌కు పోతుంది. పెద్దోడు వైబ్‌కు. ముగ్గురు ముగ్గురే. ఐదో తరగతి పిల్లాడు ఆ బుడ్డోళ్ళ మధ్య అరగంట కూర్చుని, 'నన్ను పిల్లోళ్ళల్లో వేశారు' అని మొహం మాడ్చుకుని వస్తాడు. అప్పుడు వాణ్ణి ఎవరో ఒకరు వెంటేసుకుని తిరగాలి. ఆ ఎవరో ఒకరు మీ ఇంట్లో ఎవరవుతారో మీకు తెలుసు. 'తమ్ముణ్ణి చూసుకోరా' అని పెద్దోడికే చెబుతారు. వాడి ప్రయాణం అక్కడితో సరి. అదే 20 తర్వాత పోతే చిన్నోడు అక్కతో కలిసి ఎడ్జ్‌కు పోతాడు, ఇద్దరూ ఒకరికొకరు తోడు. పెద్దోడికి చేతులు ఖాళీ. పెద్ద పిల్లలకు ఓడ నచ్చలేదని చెప్పే ఇళ్ళల్లో సగం చోట్ల అసలు కారణం ఇదే. పెద్దపిల్లాడికి టికెట్ కొని, ఆయా పని అప్పగించి ఉంటారు.

మరి 20 తర్వాత ఎప్పుడు? మన బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి చిన్నవాళ్ళిద్దరికీ ఇబ్బంది లేదు. చిక్కంతా పెద్దోడి ఇంటర్‌తో. మీరు కార్పొరేట్ కాలేజీలో వేయాలనుకుంటే మే నెలలోనే బ్రిడ్జి కోర్సు అని పిలుస్తారు, జూన్ మొదట్లో అసలు తరగతులు మొదలవుతాయి. సింగపూర్‌లో బడులకు జూన్ సెలవులు మే ఆఖరుకు మొదలవుతాయి. ఆ సెలవులు మొదలయ్యాక వైబ్ నిండా పదిహేను, పదహారేళ్ళ పిల్లలే. అంతకు ముందు మే నెలలో ఓడ ఎక్కే పెద్ద పిల్లల్లో చెన్నై, ముంబై, బెంగళూరు నుంచి మనలాగే సెలవులకు వచ్చినవాళ్ళు బాగా ఉంటారు, అదీ మంచిదే. మా లెక్క ప్రకారం మే 21 నుంచి నెలాఖరు లోపల బయల్దేరడం మీకు సరిపోతుంది. నెలాఖరుకు దగ్గరయ్యే కొద్దీ తోటి పిల్లలూ పెరుగుతారు, టికెట్ ధరా పెరుగుతుంది. కాలేజీలో చేర్చేటప్పుడే 'మే ఆఖరి వారం రాడు' అని చెప్పేయండి. బ్రిడ్జి కోర్సులో వారం పోతే కొంపలేం మునగవు.

ఇప్పుడు 3 రాత్రులా 4 రాత్రులా అన్నది. 3 రాత్రులు అంటే వినడానికి 4 రోజులు. మొదటి రోజు ఎక్కేసరికి మధ్యాహ్నం అవుతుంది, చివరి రోజు పొద్దున్నే దింపేస్తారు. నికరంగా మిగిలేవి రెండు రోజులు. చిన్నపిల్లలు ఓడ ఎక్కిన గంటలో కలిసిపోతారు. పదిహేనేళ్ళ వాడికి పక్కవాడితో మాట కలపడానికే ఒక పూట పడుతుంది. రెండో రోజుకు స్నేహం కుదిరి, మూడో రోజుకు మన మొహం చూడడం మానేస్తాడు, అప్పుడే దిగమంటారు. డబ్బు సరిపోదనుకుంటే బాల్కనీ గది మానేసి కిటికీ లేని లోపలి గది తీసుకుని 4 రాత్రులు ఉండండి. పెద్ద పిల్లలు గదిలో ఉండేది నిద్రకే. లోపలి గదిలో లైటు ఆర్పితే కటిక చీకటి, పదకొండింటిదాకా లేవరన్నది మాత్రం గుర్తుంచుకోండి.

మొదటి సాయంత్రం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే పెద్ద పిల్లల ప్రయాణం అటో ఇటో తేలేది అక్కడే. ఓడ బయల్దేరిన రోజు సాయంత్రం టీనేజ్ క్లబ్‌లో పరిచయాల ఆటలు పెడతారు. గుంపులు కట్టేది అప్పుడే. ఆ పూట పోనివాడు మర్నాడు వెళ్ళేసరికి ఐదుగురు ఒక సోఫాలో, నలుగురు ఇంకో సోఫాలో కూర్చుని ఉంటారు. గుమ్మంలోనే నిలబడి ఒకసారి చూసి, 'ఏం బాలేదమ్మా' అని వెనక్కి వచ్చేస్తాడు. వాడికి బాగాలేనిది క్లబ్ కాదు, ఆలస్యంగా పోవడం. అందుకని ఆ సాయంత్రానికి ఇంకే పనీ పెట్టుకోవద్దు. ఫోటోలు, షాపింగు రెండో రోజు చూసుకోవచ్చు. ఎక్కిన రోజు మధ్యాహ్నం క్లబ్బులన్నీ తల్లిదండ్రులు కూడా చూసేలా కాసేపు తెరిచి ఉంచుతారు. ముందు అప్పుడు తీసుకుపోయి చోటు చూపించండి. సాయంత్రం మీరు వెంటపడకుండా వాణ్ణే పోనివ్వండి. ఇంగ్లీషులో గడగడ మాట్లాడలేనని బెరుకుపడితే, మొదట మాటలతో పని లేని ఆటకు పొమ్మనండి. బల్ల మీద టెన్నిస్, వీడియో గేమ్ లాంటివి. బంతి అటూ ఇటూ పదిసార్లు పోయేసరికి పేర్లు వాటంతటవే తెలుస్తాయి.

ఇక్కడే ఏజెంట్లు చేసే ఒక పొరపాటు ఉంది. చెన్నై నుంచి సింగపూర్‌కు విమానంలో 4 గంటల పైమాట. చాలావరకు రాత్రి విమానాలు. అక్కడ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అర్ధరాత్రి చెన్నైలో ఎక్కి, తెల్లారి సింగపూర్‌లో దిగి, అదే మధ్యాహ్నం ఓడ ఎక్కేలా ప్యాకేజీ కడతారు. హోటలు ఖర్చు ఒక రాత్రి మిగులుతుందని. కావలి నుంచి చెన్నై విమానాశ్రయానికి ముందే కారులో 4, 5 గంటలు కూర్చుని ఉంటారు. ఆ లెక్కన ఓడ ఎక్కేసరికి పిల్లలు ఒకటిన్నర రోజుగా సరిగా పడుకోలేదు. సాయంత్రం ఆరింటికి మంచమెక్కి మొద్దునిద్ర పోతారు, ఆ మొదటి సాయంత్రం కాస్తా నిద్రలో కలిసిపోతుంది. విమానం ఆలస్యమైతే ఇంకా పెద్ద నష్టం, ఓడ మీ కోసం ఆగదు. ఒక రోజు ముందే సింగపూర్ చేరండి. ఓడ ఎక్కేది మెరీనా బే క్రూజ్ సెంటర్‌లో. మెరీనా సౌత్ పియర్ మెట్రో స్టేషన్ పక్కనే ఉంటుంది, పెట్టెలు ఎక్కువైతే టాక్సీ మేలు.

డిస్నీ అడ్వెంచర్ అనే ఈ ఓడ గురించి మీ వాడితో చెప్పదగ్గ సంగతులు రెండు మూడు ఉన్నాయి. దీన్ని జర్మనీలోని విస్మార్‌లో వేరే కంపెనీ గ్లోబల్ డ్రీమ్ పేరుతో మొదలుపెట్టింది. ఆ కంపెనీ దివాలా తీస్తే సగంలో ఆగిన ఓడను డిస్నీ 2022లో కొనుక్కుని మార్చుకుంది. దాదాపు 2,08,000 టన్నుల ఓడ, సుమారు 6,700 మంది ఎక్కుతారు. 2026 మార్చి నుంచి సింగపూర్ కేంద్రంగా తిరిగేలా పెట్టారు. పైన మార్వెల్ పేరుతో ఉన్న భాగంలో ఐరన్‌సైకిల్ టెస్ట్ రన్ అని రోలర్‌కోస్టర్ ఉంది, దాని పట్టా 250 మీటర్ల పొడవు. వాడికి ఇది చూపించండి, మిక్కీ బొమ్మ కాదు. ఒకటి మాత్రం ముందే చెప్పాలి. ఈ ఓడ ఏ ఊళ్ళోనూ ఆగదు. సింగపూర్‌లో ఎక్కి, సముద్రంలో తిరిగి, సింగపూర్‌లోనే దిగడం. కొత్త ఊళ్ళు చూడాలని ఉబలాటపడే పిల్లలకు ఇది లోటే.

మీ వాడు అలాంటివాడైతే, బొమ్మల గోల బొత్తిగా వద్దంటే, సింగపూర్ నుంచి సీజన్‌లో తిరిగే రాయల్ కరీబియన్ ఓడలు చూడండి. పెనాంగ్, ఫుకెట్ లాంటి చోట్ల ఆగే ప్రయాణాలు దొరుకుతాయి. అక్కడి పిల్లల క్లబ్‌లో విభజన వేరు. 10, 11 ఏళ్ళ వాళ్ళు ఒకే జట్టులో ఉంటారు. అంటే మీ చిన్నోడికి 10 ఉన్నా 11 ఉన్నా ఒకటే, బుడ్డోళ్ళల్లో పడడు. పుట్టినరోజు లెక్క అక్కర్లేదు. పెద్ద ఓడల్లో గోడ ఎక్కడం, నీటి అలల మీద పలక ఆట ఉంటాయి. ఆ ఫ్లోరైడర్ అనే పలక మీద పడుకుని ఆడాలంటే 132 సెంటీమీటర్ల ఎత్తు, నిలబడి ఆడాలంటే 147 సెంటీమీటర్లు ఉండాలి. బయల్దేరే ముందు తలుపు చట్రానికి ఆనించి, చెప్పుల్లేకుండా ముగ్గురి ఎత్తూ కొలిచి రాసుకోండి. ఒక సెంటీమీటరు తక్కువైనా అక్కడ ఒప్పుకోరు, వరుసలో అరగంట నిలబడ్డాక ఆ మాట చెబితే పిల్లాడి మొహం చూడలేం. ఇంకో తేడా, ఈ ఓడల్లో కాసినో ఉంటుంది. డిస్నీ ఓడల్లో ఉండదు. మీ అత్తమ్మగారు ఈ సంగతి అడిగేటట్టుంటే ముందే చెప్పి పెట్టుకోండి.

చెన్నై నుంచే ఎక్కొచ్చు కదా అని ఎవరైనా అంటారు. కార్డేలియా వాళ్ళ ఎంప్రెస్ ఓడ 2022 జూన్ నుంచి కొన్ని నెలల్లో చెన్నైకి వచ్చి విశాఖపట్నం, పుదుచ్చేరి, శ్రీలంక వైపు తిప్పుతూ వస్తోంది. ఏడాది పొడవునా ఉండదు. దేశంలోనే తిరిగే ప్రయాణానికి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు, శ్రీలంకకైతే పాస్‌పోర్టు కావాలి. అది 1990లో కట్టిన ఓడ, పైన చెప్పినవాటితో పోలిస్తే చిన్నది. మీ పెద్దోడు ఒక పూటలో అంతా తిరిగేసి వచ్చేస్తాడు. ఇంటిల్లిపాదికీ సముద్రం పడుతుందో లేదో చూసుకోవడానికి 2 రాత్రులకు బాగుంటుంది. పదిహేనేళ్ళ వాడి కోసమే అయితే మేం దాన్ని చెప్పం.

పాప సంగతి. ఓడలో పిల్లల్ని తిరగనివ్వొచ్చు, నెల్లూరు బస్టాండులో వదలడం కంటే నయం. మెట్ల దగ్గరా నడవల్లోనూ కెమెరాలుంటాయి, కార్డు గీకకుండా ఎవరూ ఎక్కలేరు, దిగలేరు. అయినా ఆరు వేల మంది కొత్తవాళ్ళున్న చోటు. నాలుగు కట్టుబాట్లు ఓడ ఎక్కకముందే ఒక కాగితం మీద రాసి ముగ్గురి చేతా సంతకం పెట్టించండి. వేరేవాళ్ళ గదిలోకి పోకూడదు, ఎంత స్నేహమైనా, ఆడపిల్లల గదైనా సరే. మన గదిలోకి ఎవర్నీ తేకూడదు. రాత్రి భోజనానికి అందరూ కలిసి కూర్చోవాలి. రాత్రి ఇన్నింటికి గదికి రావాలి, ఆ గంట పెద్దోడికి వేరు, చిన్నవాళ్ళకు వేరు. ఇంతకు మించి రాయొద్దు. పది షరతులు పెడితే ఒక్కటీ పాటించరు. తప్పిపోతే కలుసుకునే చోటు ఒకటి అనుకోండి. 'ఈత కొలను దగ్గర' అంటే కుదరదు, కొలనులు చాలా ఉంటాయి. 'ఫలానా అంతస్తులో లిఫ్టుల ఎదురుగా' అని అంతస్తు నంబరుతో సహా చెప్పాలి.

ఫోన్ల దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. ఓడ తీరం దాటాక ఫోను దానంతటది ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్కును పట్టుకుంటుంది. మన సిమ్‌కు వేయించుకున్న అంతర్జాతీయ రోమింగ్ ప్యాకు మామూలుగా దానికి వర్తించదు. జేబులో ఉన్న ఫోను ఎవరూ ముట్టుకోకుండానే వేల రూపాయల బిల్లు తెస్తుంది. ఎక్కగానే అందరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చెయ్యండి. డిస్నీ ఓడల్లో వాళ్ళ యాప్‌లో మెసేజులు పంపుకోవడానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు, ఓడ వైఫై మీదే పనిచేస్తుంది. ఇంటర్నెట్ కావాలంటే విడిగా కొనాలి. పెద్దోడికి కొనొద్దు. కసిగా చెప్పడం లేదు. ఇంటర్నెట్ ఉంటే మీరు భయపడినట్టే గదిలో కూర్చుంటాడు, లేకపోతే రెండు గంటల్లో బయటికి వస్తాడు. ఈ మాట ఇంట్లోనే చెప్పి ఒప్పించాలి, ఓడ ఎక్కాక చెబితే గొడవ. కావాల్సిన సినిమాలేవో ముందే దింపుకోమనండి.

కార్డు గురించి ఒక జాగ్రత్త. ఓడలో గది తాళమూ, డబ్బు ఖాతా రెండూ ఒకే కార్డు మీద నడుస్తాయి. పిల్లల కార్డు గీకినా ఖర్చు మీ ఖాతాలో పడుతుంది. ఆటల యంత్రాలు, ప్రత్యేక ఐస్‌క్రీములు, బొమ్మల దుకాణాలు వీటికి విడిగా డబ్బు. ఎక్కిన రోజే గెస్ట్ సర్వీసెస్ కౌంటరులో పిల్లల కార్డుల మీద కొనుగోళ్ళు ఆపమనండి, లేదా ఇంతకు మించొద్దని పరిమితి పెట్టించండి.

ఆరుగురికి రెండు గదులు తప్పవు. మధ్యలో తలుపు ఉన్న జంట గదులు అడగండి, 'పక్కపక్కన' అంటే చాలదు. పక్కపక్కన గదులకు మధ్య తలుపు ఉండాలని లేదు. ప్రతి గది బుకింగ్‌లో ఒక పెద్ద మనిషి పేరుండాలి కాబట్టి పిల్లల గదిలో అత్తమ్మగారి పేరు వేయండి. మరీ చిన్న గదులు. ఒకళ్ళకు పై నుంచి దింపే బెర్తు, ఒకళ్ళకు సోఫా మంచం. పెద్దోడికి పై బెర్తు ఇచ్చేయండి. రైల్లో అప్పర్ బెర్తు కోసం కొట్టుకునే వయసు వాళ్ళది. పెద్దావిడకు కింది మంచం రాసి పెట్టించండి.

వాంతుల విషయానికొస్తే, కదలికకు తల తిరగడం 2 నుంచి 12 ఏళ్ళ మధ్య ఎక్కువ, ఆ తర్వాత తగ్గుతూ వస్తుంది. అంటే మీ పెద్దోడికి భయం తక్కువే. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కిటికీ పట్టుకునేది ఎవరో గుర్తు తెచ్చుకోండి, జాగ్రత్త వాళ్ళకే. సింగపూర్ దగ్గరి మలక్కా జలసంధిలో నీళ్ళు మన బంగాళాఖాతమంత ఎగరవు. మైపాడు దగ్గర పడవెక్కితే కడుపులో తిప్పిందని అత్తమ్మగారు అంటే, ఆ లెక్క ఇక్కడ పనికిరాదని చెప్పండి. ఇంత పెద్ద ఓడకు ఊగును తగ్గించే రెక్కలు కూడా ఉంటాయి. గదులు ఓడ పొడవులో మధ్యన, కింది అంతస్తుల్లో తీసుకోండి, కదలిక తక్కువ తెలిసేది అక్కడే. మందుల దుకాణంలో అవోమిన్ అడిగి కొని పెట్టుకోవడం మనకు అలవాటే. కానీ అది మత్తు తెస్తుంది, బీపీ మందులు వాడే పెద్దావిడకు డాక్టరును అడగకుండా వెయ్యొద్దు. ఆమె రోజువారీ మాత్రలు చేతిసంచిలో పెట్టండి. పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. ఓడలో డాక్టరుంటారు, ఫీజు డాలర్లలో. ఇక్కడి ఆరోగ్య బీమా అక్కడ పనికిరాదు, ఓడ ప్రయాణానికి కూడా వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఆరుగురికీ తీసుకోండి.

ఏజెంటు దగ్గరికి మళ్ళీ పోయినప్పుడు ధరను ముక్కలుగా రాయించుకోండి. గది, పోర్టు పన్నులు, టిప్పులు, వీసా, విమానం, హోటలు, బీమా. టిప్పు పిల్లలకు కూడా పడుతుంది. మనిషికి రాత్రికి 16 అమెరికన్ డాలర్లు అనుకున్నా, ఆరుగురికి 4 రాత్రులకు 384 డాలర్లు. 'అన్నీ కలిపే' అంటే ఒప్పుకోవద్దు. డాలరంటే అమెరికాదా సింగపూర్‌దా అని అడగండి, ఆ రెంటికీ చాలా తేడా. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ అని ముందే కొంత పన్ను పట్టుకుంటారు. అది మీ పాన్ మీద కట్టించుకుంటే ఐటీ రిటర్నులో సర్దుబాటు అవుతుంది, ఏజెంటు ఎవరి పాన్ వేస్తున్నాడో చూసుకోండి. ఏ తేదీ దాకా రద్దు చేసుకుంటే ఎంత తిరిగి వస్తుందో అది కూడా కాగితం మీద ఉండాలి.

పాస్‌పోర్టులు ఈ రోజే బీరువాలోంచి తీసి చూడండి. పిల్లల పాస్‌పోర్టు 5 ఏళ్ళకే అయిపోతుంది. పెద్దవాళ్ళది పదేళ్ళు కదా అన్న ధీమాలో పిల్లలది ఎప్పుడు అయిపోయిందో గమనించరు. ప్రయాణం నాటికి ఇంకా 6 నెలలు మిగిలి ఉండాలి. పెద్దోడికి 15 నిండాయి కాబట్టి కొత్తది తీసుకుంటే పదేళ్ళకు అడగొచ్చు. సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీదో కాదో చూడండి, ఎందుకంటే ఓడతో బయటికి పోయి మళ్ళీ సింగపూర్‌లోకే వస్తారు. ఇక మన ఇంటిపేర్ల తంటా. పాపకు ఇంటిపేరు ముందు, చిన్నోడికి వెనక, అత్తమ్మగారికి ఒక్క అక్షరం, ఇలా ఒకే ఇంట్లో మూడు రకాలుంటాయి. విమానం టికెట్, వీసా, ఓడ బుకింగ్ మూడింటిలోనూ పాస్‌పోర్టులో ఎట్లా ఉందో అక్షరం పొల్లుపోకుండా అట్లాగే ఉండాలి.

బట్టల విషయంలో ఒక మాట, ముఖ్యంగా పాప కోసం. ఓడ మీది జారుడుబల్లలకు, కొలనులకు ఈత బట్టలే కావాలి. కాటన్ టీషర్టు, చుడీదారుతో దిగనివ్వరు. ఒంటికి నిండుగా ఉండే పొడుగు చేతుల ఈత చొక్కా, మోకాళ్ళ కిందికి వచ్చే లెగ్గింగు చెన్నైలో క్రీడా దుకాణాల్లో దొరుకుతాయి, నెల్లూరులో కూడా అడిగి చూడండి. ఇవి లేక ఒడ్డున కూర్చుని చూస్తూ ఉండిపోయే ఆడపిల్లలు ఎక్కువ. వాళ్ళకు ఇష్టం లేదని అనుకుంటాం, వేసుకోవడానికి తగింది లేదన్నమాట. ఇంట్లోనే ఒకసారి వేసి చూడమనండి.

తిండికి ఇబ్బంది పడరు. డిస్నీ ఓడలో మోగ్లీ పేరుతో మన దేశపు వంటల చోటు ఉంది. అత్తమ్మగారు శాకాహారులైతే బుకింగ్‌లోనే రాయించండి. రాత్రి భోజనానికి రెండు వరుసలు ఉంటాయి, ముందుది సాయంత్రం ఆరు లోపే మొదలవుతుంది. మన కడుపులకు అది టిఫిను వేళ. రెండో వరుస అడగండి. పెద్దోడి క్లబ్ ఆటలు ఏ వేళకు ఉన్నాయో చూసుకుని నిర్ణయించుకోండి, రెండూ ఒకే గంటకు పడితే వాడు అన్నం మానేసి అక్కడికే పోతాడు.

ఆవకాయ అడిగినందుకు నవ్వలేదు, అందరూ అడిగేదే. జాడీలోంచి డబ్బాలోకి తీసి గుడ్డ కట్టిన ఆవకాయ ఓడ ఎక్కే దగ్గర ఆపేస్తారు. ఇంట్లో వండినవి, మూత తీసినవి ఏవీ ఒప్పుకోరు. కంపెనీ సీలు వేసిన చిన్న ప్యాకెట్లు అయితే పెట్టుకోవచ్చు. చేతిసంచిలో కాకుండా పెద్ద పెట్టెలో వేసి, ఇంకో రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టండి, నూనె కారితే పాప ఈత బట్టలు పోతాయి. పిల్లల జేబుల్లో బబుల్‌గమ్ ఉంటే చెన్నైలోనే తీసేయించండి, సింగపూర్‌లోకి దాన్ని రానివ్వరు. ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్ ఓడలో పట్టేసుకుంటారు, అవి కావలిలోనే ఉండనివ్వండి.